అనుమతించిన తరుగు

మా సంస్థలో ఎలకలు తిన్నదానికి లెక్క ఉంది. పురుగు తిన్నదానికి లెక్క ఉంది. ఎండకి ఆరిపోయినదానికీ, గోనెసంచి చిల్లులోంచి కారిపోయినదానికీ విడివిడిగా గళ్ళున్నాయి. మనుషులు తిననిదానికి మాత్రం ఇన్నేళ్ళుగా ఒక లెక్కా పత్రం లేకుండా పోయింది. ఆ లోటు తీర్చడానికే కొత్త ఎండీ గారు వచ్చారు.

మాది ధాన్యం నిల్వ చేసే సంస్థ. ధాన్యం లారీల మీద మా గోదాములకి వస్తుంది, కాటా మీద తూగుతుంది, బస్తాల్లో కొన్నాళ్ళు పడుకుంటుంది, మళ్ళీ కాటా ఎక్కి మిల్లుకి పోతుంది. వచ్చినప్పుడు వంద కిలోలున్నది పోయేటప్పుడు తొంభై తొమ్మిది ఉంటుంది. ఆ తేడాని మేం తరుగు అంటాం. నూటికి ఒక కిలో దాకా తరుగుని సంస్థ అనుమతిస్తుంది. అంతకి మించి తగ్గితే అది తరుగు కాదు, కొరత. కొరతకి ఒక బాధ్యుడు కావాలి. వాడు దొరికేదాకా ఆఫీసులో ఎవడికీ అన్నం సహించదు.

నేను చినగరువు ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు భీమేశ్వరరావు. రిజిస్టర్లన్నీ నా చేతిలో ఉంటాయి. ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో జరిగిన అనర్థానికి మూలం నేనే. మిగతావాళ్ళు ఉన్నతాధికారులు కాబట్టి వాళ్ళ తప్పు ఉండే అవకాశం లేదు.

ఎండీ గారు ఉపవాసాలు చేసి పద్దెనిమిది కిలోలు తగ్గారు. తగ్గి ఊరుకుంటే బాగుండేది. ఆ అనుభవాన్ని నలభై పేజీల పుస్తకంగా రాసి, అచ్చు వేయించి, మనిషికొకటి చొప్పున అన్ని ఆఫీసులకీ పంపించారు. మొదటి ఇరవై పేజీల్లో ఆయన తినలేదు. తర్వాతి ఇరవై పేజీల్లో ఆయన నవ్వారు. ముందు అట్ట మీద లావుగా ఉన్నప్పటి ఫోటో, వెనక అట్ట మీద చిక్కిన తర్వాత ఫోటో వేశారు. మా సూపరింటెండెంట్ ప్రభాకరం ముందు ఫోటోయే కళగా ఉందన్నాడు గానీ, ఆ మాట సాయంత్రానికల్లా వెనక్కి తీసుకున్నాడు.

పుస్తకం వెంట సర్క్యులర్ వచ్చింది. మా రీజనల్ మేనేజర్ పురుషోత్తం గారు అందర్నీ హాల్లో నిలబెట్టి, తనూ నిలబడి, గొంతు సవరించుకుని చదివారు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంస్థ యొక్క గోదాములు నిండుగాను, సంస్థ యొక్క సిబ్బంది తేలికగాను ఉండవలెనన్న ఆశయముతో 'లాఘవ సంకల్పము' అను పథకము తక్షణమే అమలులోకి వచ్చుచున్నది. ఇందు పాల్గొనుట పూర్తిగా స్వచ్ఛందము. పాల్గొననివారి పేర్లు ప్రతి సోమవారము ప్రధాన కార్యాలయమునకు పంపవలెను."

పథకం సులువే. రాత్రి ఎనిమిది నుంచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా ఎవరూ ఏమీ తినకూడదు. మూడు నెలల్లో తలా అయిదు కిలోలు తగ్గాలి. తగ్గుతున్నన్నాళ్ళూ సంతోషంగా ఉండాలి. ఆకలి, నీరసం, తలనొప్పి అనే మాటలు ఆఫీసు ఆవరణలో ఎవరూ పలకకూడదు, ఫైళ్ళలో రాయకూడదు. వాటి బదులు ఏం వాడాలో అనుబంధంలో ఇచ్చారు. ఆకలి వేస్తే 'అంతర్గత అవకాశం ఏర్పడింది' అనాలి. నీరసంగా ఉంటే 'విశ్రాంతి దిశగా పురోగమిస్తున్నాను' అనాలి. కళ్ళు తిరిగి పడిపోతే, పడినవాడు ఏమీ అనక్కర్లేదు, పక్కవాడు 'దృక్పథం విస్తరించింది' అని నమోదు చేస్తే చాలు. ఆఖరి పేరాని మాత్రం మావాళ్ళు రెండోసారి చదివించుకున్నారు. ఈ ఏడు ప్రమోషన్లు లక్ష్యం సాధించినవాళ్ళకే ఇస్తారట.

ఆ పేరా వినగానే నేను వీరాస్వామి వైపు చూశాను.

కడలి వీరాస్వామి మా కాటా గుమాస్తా. పందొమ్మిదేళ్ళుగా గోదాము గుమ్మంలో, ధాన్యం దుమ్ములో, కాటా పక్కన నిలబడి ఉన్నాడు. అసలే బక్కపలచటి మనిషి. ధాన్యం తెచ్చే దళారుల తాలూకు మనుషులు బస్తా తూగేటప్పుడు ఎటో చూస్తున్నట్టు నటిస్తూ కాలి బొటనవేలు కాటా అంచు మీద ఆనిస్తారు. దానితో ముల్లు ఒక కిలో పైకి పోతుంది. మా వ్యాపారంలో ఈ విద్య రానివాడు లేడు. వీరాస్వామి ముల్లు మీంచి చూపు తిప్పకుండానే "కాలు తియ్యండి" అంటాడు. గొంతు పెంచడు, కోప్పడడు. ఆ మాట అనకుండా అతనికి ఒక్క రోజు గడవలేదు.

అన్నేళ్ళ దుమ్మూ అతని ఛాతీలో చేరింది. రెండేళ్ళుగా దగ్గు పట్టుకుని వదలడం లేదు. డాక్టరు చూసి, మందులదేముంది, ముందు ఆ దుమ్ములోంచి బయటపడమన్నాడు. బయటపడాలంటే గోదాము పర్యవేక్షకుడు కావాలి. పర్యవేక్షకుడికి లోపల గది ఉంటుంది, కుర్చీ ఉంటుంది, గదికి తలుపు ఉంటుంది. సీనియారిటీ జాబితాలో మొదటి పేరు వీరాస్వామిదే. ఈ ఏడు తప్పితే మళ్ళీ నాలుగేళ్ళకి గానీ ఖాళీ రాదు. అన్నాళ్ళు ఆ ఛాతీ ఆగదని అతని భార్య వరలక్ష్మమ్మ నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వీరాస్వామి శనివారాలు ఉపవాసం ఉంటాడు. కూతురికి నాలుగేళ్ళప్పుడు జ్వరం తలకెక్కి మూడు రోజులు కళ్ళు తెరవకపోతే వెంకన్నబాబుకి మొక్కుకున్నాడట. పిల్ల లేచి కూర్చుంది. ఇప్పుడు పక్క మండలంలో టీచరుగా చేస్తోంది. ఆ మొక్కు ఇరవై మూడేళ్ళుగా నడుస్తోంది. పొద్దుట లేచింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. పదేళ్ళు పక్కపక్కన పనిచేశాక గానీ ఈ సంగతి నాకే తెలియలేదు. ప్రతి శనివారం టీ వద్దంటున్నాడేమిటని గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు.

అందుకని నేనే చొరవ చేసి, వీరాస్వామి శనివారాల్ని పథకంలో కలపడానికి వీలవుతుందేమోనని రీజనల్ మేనేజర్ గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"భీమేశ్వరరావు గారూ, అది వ్యక్తిగత భక్తి. ఇది సంస్థాగత ఉపవాసం. దానికి ఫలితం దేవుడు మంజూరు చేస్తాడు, దీనికి ప్రధాన కార్యాలయం మంజూరు చేస్తుంది. రెండు శాఖల్ని కలిపితే రేపు మనమే సమాధానం చెప్పుకోవాలి" అన్నారు.

పోనీ బక్కవాడికీ లావువాడికీ ఒకే అయిదు కిలోలేమిటని అడిగాను. అది సగటు తీసి నిర్ణయించిన అంకె అనీ, సగటుకి బక్కా బొద్దూ ఉండవనీ చెప్పి పంపించేశారు.

అందర్నీ తూచమన్నారు గానీ రాసుకోవడానికి నమూనా పంపలేదు. నమూనా లేకుండా గీత గీయడం నా ఒంట్లో లేదు. బీరువాలో బస్తాల నిల్వ రిజిస్టరు కొత్తది ఒకటి ఉంది. సరుకు రకం, ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ, తరుగు, తరుగుకి కారణం. గళ్ళన్నీ కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. సరుకు రకం అన్నచోట మావాళ్ళ పేర్లు రాసేశాను. నేను చేసిన ఘనకార్యం ఇదే. ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మొదటి తూకం శనివారం అని మూడు రోజుల ముందే చెప్పారు. మావాళ్ళు పుట్టి బుద్ధెరిగాక తూకాల మధ్యే బతికినవాళ్ళు. మొదట ఎంత ఎక్కువ తూగితే చివర అంత తగ్గినట్టని వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రభాకరం రెండేసి కిలోల తూనిక రాళ్ళు రెండు ప్యాంటు జేబుల్లో వేసుకుని, ఇంకో రెండు నడుముకి కట్టుకుని వచ్చాడు. నడుస్తుంటే దేవుడి రథం కదిలినట్టు కదిలాడు. టైపిస్టు సుభాషిణి గారు పట్టుచీర కట్టి, దాని మీద అమ్మమ్మ కాలంనాటి వెండి వడ్డాణం పెట్టుకొచ్చారు. నా జేబుల్లోనూ రెండు రాళ్ళున్నాయి, దాచడం దేనికి.

వీరాస్వామి మాత్రం ఉత్త కడుపుతో, ఉత్త జేబులతో కాటా ఎక్కాడు. నలభై తొమ్మిది కిలోలు. ఎక్కేముందు నేను చాటుగా ఒక రాయి అతని చేతిలో పెట్టబోతే నవ్వి తిరిగిచ్చేశాడు. తన కాటా మీద తనే దొంగతూకం తూగితే రేపు లారీవాళ్ళని ఏ మొహం పెట్టుకుని అడగాలన్నాడు.

పథకం మొదలయ్యాక మా క్యాంటీను నూకరత్నం పొద్దుటి ఇడ్లీలు మానేసింది. పన్నెండు దాకా తలుపుకి తాళం వేయమని ఆమెకి రాతపూర్వకంగా ఆదేశాలిచ్చారు. పన్నెండుకి గంట కొట్టేవాళ్ళు. ఎనిమిదింటి దాకా తినడానికి అనుమతి ఉందంటే, తినమని ఉత్తర్వు ఉందనే మావాళ్ళు అర్థం చేసుకున్నారు. పన్నెండుకి భోజనం, రెండింటికి బజ్జీలు, నాలుగింటికి ఉప్మా, ఇంటికెళ్ళే దారిలో పునుగులు, ఏడున్నరకి మళ్ళీ భోజనం, ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా ఎందుకైనా మంచిదని రెండు అరటిపళ్ళు. ఇంత గిరాకీ పెళ్ళిళ్ళ రోజుల్లో కూడా చూడలేదనీ, ఈ ఉపవాసాలేవో ఏడాది పొడుగునా పెట్టించమనీ నూకరత్నం నన్ను బతిమాలింది.

పొద్దుటి పూట మాత్రం ఆఫీసు నిండా అంతర్గత అవకాశాలే. గుమాస్తాలు ఫైళ్ళ మీద తల ఆనించి విశ్రాంతి దిశగా పురోగమించేవాళ్ళు. లారీలు గేటు బయట బారు తీరి నిలబడేవి. ఒక రోజు క్యాషియరుకి మెట్ల మీద దృక్పథం విస్తరించి, నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. కట్టుతోనే ఆయన చేత నవ్వించి, ఫోటో తీసి ప్రధాన కార్యాలయానికి పంపించారు.

ప్రతి గురువారం అనుభవ సభ జరిగేది. ఉపవాసం వల్ల తనకి కలిగిన మేలేమిటో ప్రతివాడూ లేచి చెప్పాలి. ప్రభాకరానికి లోపల ఒక కాంతి కనిపించింది. సుభాషిణి గారికి అత్తగారి మీద ప్రేమ కలిగింది. నా వంతు వచ్చినప్పుడు నా అహం కరిగిపోయిందన్నాను. ఎన్ని కిలోలని రీజనల్ మేనేజర్ గారు అడిగారు.

వీరాస్వామి లేచి చేతులు కట్టుకున్నాడు. "పదకొండు గంటలకి ఆకలేసిందండి" అన్నాడు.

పురుషోత్తం గారు దయగల మనిషి. బాగా ఆలోచించుకుని మళ్ళీ చెప్పమని అవకాశమిచ్చారు. వీరాస్వామి నిజంగానే ఆలోచించాడు.

"చాలా ఆకలేసిందండి."

సాయంత్రానికి మెమో వచ్చింది. నిషిద్ధ పదమును సభాముఖమున రెండు పర్యాయములు, రెండవ పర్యాయము విశేషణ సహితముగా ఉచ్చరించినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందన్నారు. "ఆ పూట నాకు ఆకలి వేసిన మాట వాస్తవము" అని వీరాస్వామి రాసిచ్చాడు. "ఇకపై వేసినను చెప్పను" అన్న వాక్యం నేను చేర్చాను.

ఇంత చెప్పుకున్నాక ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మూడు నెలలూ మా ఆఫీసులో పథకాన్ని అక్షరాలా పాటించినవాడు వీరాస్వామి ఒక్కడే. పన్నెండుకి ఇంటి క్యారియరు, రాత్రి ఏడుకి రెండు ముద్దలు, అంతే. శనివారాలు ఆ క్యారియరూ లేదు. నెల తిరిగేసరికి చొక్కా వంకీకి తగిలించినట్టు వేలాడింది. దగ్గు ముదిరింది. ఇంక మానెయ్యమని నేను కసురుకున్నాను.

"అయిదు కిలోలే కదండీ గురువుగారూ," అన్నాడు. "తరవాత కుర్చీలో కూర్చుని తింటాను."

మూడో నెలాఖరున రెండో తూకం జరిగింది. అందరూ చేసిన కృషల్లా రాళ్ళు ఇంట్లో పెట్టి రావడమే. ప్రభాకరం అసలుకి మూడు కిలోలు పెరిగాడు, అయినా కాగితం మీద అయిదు తగ్గాడు. నేను తగ్గిన అయిదులో నాలుగు రాళ్ళవి, ఒకటి నాది. వీరాస్వామి నలభై నాలుగు తూగాడు. దిగేటప్పుడు కాటా స్తంభం పట్టుకుని కాసేపు నిలబడిపోయాడు. రీజనల్ మేనేజర్ గారు చప్పట్లు కొట్టించారు.

ఇరవై నాలుగు మందిమి కలిసి నూట యాభై రెండు కిలోలు తగ్గాం. రాష్ట్రం మొత్తం మీద మా ఆఫీసే మొదటిది. బహుమతిగా అద్దాల పెట్టెలో పెట్టిన ఖాళీ పళ్ళెం ఇచ్చారు. ప్రమోషన్ల జాబితా వెళ్ళింది, అందులో మొదటి పేరు వీరాస్వామిది. వరలక్ష్మమ్మ కుర్చీలోకి దూది పెట్టి ఒక మెత్త కుట్టి పంపించింది. వీరాస్వామి దాన్ని నాకు చూపించి, సిగ్గుపడి, సంచిలో పెట్టేసుకున్నాడు.

ఉత్తర్వులు రావలసిన వారంలో ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి త్రిపురసుందరి గారు టీ తాగరు, కబుర్లు చెప్పరు. నిల్వ రిజిస్టర్లన్నీ వరసగా తెరుస్తూ నా రిజిస్టరు దగ్గరికి వచ్చారు. అది బస్తాల రిజిస్టర్ల వరసలోనే ఉంది, ఆ నమూనాలోనే ఉంది. ఆవిడ పైకి చదివారు. సరుకు రకం, ప్రభాకరం. ప్రారంభ నిల్వ, నూట పన్నెండు. ముగింపు నిల్వ, నూట ఏడు. చదువుతున్నంతసేపూ మొహంలో ఒక్క కండరం కదల్లేదు. మొత్తం ప్రారంభ నిల్వ పదిహేడు వందల ముప్ఫై ఎనిమిది కిలోలు. అనుమతించిన తరుగు పదిహేడు. తగ్గింది నూట యాభై రెండు.

రీజనల్ మేనేజర్ గారు పరుగున వచ్చి, అది సరుకు కాదనీ సిబ్బంది అనీ, తగ్గింది సానుకూల దృక్పథం వల్లననీ వివరించారు.

"రిజిస్టరులో సరుకు అని ఉంది," అన్నారావిడ. "సరుకు తగ్గింది. కారణం అన్నచోట సంకల్పం అని రాశారు. సంస్థ అనుమతించిన కారణాలు నాలుగే. ఎండ, ఎలుక, పురుగు, చిల్లు. ఇందులో ఏది?"

పురుషోత్తం గారు చాలాసేపు ఆలోచించి, ఎండ అన్నారు. ఆవిడ ప్రభాకరాన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఎండినట్టు లేదే అన్నారు.

పొరపాటు నాదనీ, వేరే రిజిస్టరు లేక ఇందులో రాశాననీ, ఆ పేజీలు చించేస్తే సరిపోతుందనీ నేను చెప్పుకున్నాను. నిల్వ రిజిస్టరులో పేజీ చించడం నిల్వలో బస్తా దొంగిలించడంతో సమానమట. అందులో ఎక్కినదల్లా సరుకేనట. పథకం పెట్టిన ఎండీ గారిని అడుగుదామంటే ఆయన అప్పటికే ఇంకో సంస్థకి వెళ్ళిపోయారు. అక్కడ సిబ్బందికి నిద్ర తగ్గిస్తున్నారని తెలిసింది.

ఇన్‌చార్జిగా ఎండీ కుర్చీలో ఉన్నాయన ఆడిట్ అంటే హడలిపోయే మనిషి. వారం తిరక్కుండా ఇంకో సర్క్యులర్ వచ్చింది. పురుషోత్తం గారు అదే హాల్లో, అదే గొంతుతో 'పుష్టి సంకల్పము' చదివారు. పదిహేను రోజుల్లో సిబ్బంది యావన్మందీ తమ తమ ప్రారంభ నిల్వలకి చేరుకోవాలి. నూటికి ఒక కిలో తరుగు అనుమతిస్తారు. అంతకి మించి తక్కువ తూగినవాళ్ళని కొరతకి బాధ్యులుగా నిర్ణయిస్తారు. బాధ్యులకి ప్రమోషన్ ఉండదు. చాలు, వద్దు, కడుపు నిండింది అనే మాటలు ఆఫీసు ఆవరణలో నిషేధం. హాజరు పుస్తకాన్ని క్యాంటీనులోకి మార్చారు. ఆ గురువారం సభలో ప్రభాకరానికి మళ్ళీ కాంతి కనిపించింది, ఈసారి నేతి ఇడ్లీలోంచి.

వీరాస్వామి పాపం తినడానికి కూర్చున్నాడు. మూడు నెలలు ముడుచుకుపోయిన కడుపు పదిహేను రోజుల్లో తెరుచుకోమంటే తెరుచుకుంటుందా. తిన్నది సగం బయటికి వచ్చేది. వరలక్ష్మమ్మ పెరుగన్నంలో వెన్న కలిపి, పక్కన కూర్చుని, చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టేది. శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళాక మేమిద్దరం కాటా దగ్గర చూసుకున్నాం. నలభై ఎనిమిది. ఒక పూట తినకపోతే అందులో అరకిలో పోతుంది. కావలసింది నలభై ఎనిమిదిన్నర.

ఆఖరి తూకం మర్నాడు. అంటే శనివారం. సోమవారానికి మార్చమని, తూకం కోసం మళ్ళీ వచ్చిన త్రిపురసుందరి గారిని వేడుకున్నాను. ఆవిడకి మధ్యాహ్నం రైలుంది.

ఈసారి జేబులు తడుముతారని ముందే తెలిసింది కాబట్టి రాళ్ళు పనికిరావు. అయితే గోదాములో ఇంకో విద్య ఉంది, తూకానికి ముందు బస్తాల మీద నీళ్ళు చల్లడం. పొద్దుటి నుంచి మావాళ్ళు కుళాయి దగ్గర వరస కట్టి చెంబులకి చెంబులు తాగారు. ప్రభాకరం అవి చాలక, తడి తువాళ్ళు మూడు చొక్కా లోపల చుట్టుకున్నాడు. ఆయన నడిచిన దారంతా తడి గీత పడింది. త్రిపురసుందరి గారు ఆ గీతని చూశారు, జేబులు తడిమారు, నిబంధనలో తువాళ్ళ ప్రస్తావన లేదు కాబట్టి సరిపోయిందని రాసుకున్నారు.

నేను ఒక పెద్ద చెంబు నింపుకుని బస్తాల వరసల వెనక్కి వెళ్ళాను. వీరాస్వామి అక్కడ దగ్గుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఆ మెత్త ఉంది. చెంబు అతని ముందు పెట్టాను. కిలో బరువు కోసం ఈ ఒక్క చెంబు చాలన్నాను. నీ కష్టం ఆ దేవుడికి మాత్రం తెలీదా అన్నాను.

"తెలుసండి. అందుకే వద్దంటున్నాను."

ఈ ఉద్యోగం చెయ్యడానికి ఊపిరుండాలి కదయ్యా, నీ భార్య మొహం చూడవయ్యా అని గట్టిగానే తిట్టాను. అతను చెంబుని నా వైపు జరిపాడు.

"పిల్ల బతికింది కదండీ గురువుగారూ" అన్నాడు.

నాకూ అరకిలో తక్కువుంది కాబట్టి ఆ నీళ్ళు నేనే తాగేశాను.

వీరాస్వామిని ఆఖరున పిలిచారు. అతను కాటా ఎక్కాడు. రిజిస్టరు పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. త్రిపురసుందరి గారు ముల్లు మీదికి వంగారు. నలభై ఏడున్నర దగ్గర ముల్లు ఆగబోతోంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను ఎవడు చెప్పిన అంకె వాడికి రాసిపెట్టాను తప్ప, ఒక మనిషి కోసం వేలు కదిపింది లేదు. ఆ రోజు కదిపాను. ఎటో చూస్తూ నా బొటనవేలు కాటా అంచు మీద ఆనించాను. ముల్లు మెల్లిగా పైకి జరిగి నలభై ఎనిమిదిన్నర దగ్గర నిలబడింది. ఆవిడ కలం తీశారు.

"కాలు తియ్యండి" అన్నాడు వీరాస్వామి.

వెనక్కి తిరగలేదు. గొంతు పెంచలేదు. ముల్లు వైపే చూస్తూ, లారీవాళ్ళతో అన్నట్టే అన్నాడు. ఆ మాట నేను వేలసార్లు విన్నాను, నాతో అనడం అదే మొదలు. కాలు తీశాను. ముల్లు దిగిపోయింది. త్రిపురసుందరి గారు నా మొహం చూశారు, నా కాలు చూశారు, నలభై ఏడున్నర అని రాసుకున్నారు. అతని ముందు అంత చిన్నవాణ్ణి అయిపోవడం నేను ఎన్నడూ ఎరగను.

ఇరవై ముగ్గురు ప్రారంభ నిల్వకి చేరుకున్నారు. కొరతకి బాధ్యుడు ఒక్కడే తేలాడు. ఆ కిలో ఏమైందో చెప్పమని వీరాస్వామికి మెమో ఇచ్చారు. అతను ఈసారి నా సాయం అడక్కుండా ఒకే వాక్యం రాసిచ్చాడు, "ఆ రోజు శనివారము." అనుమతించిన కారణాల జాబితాలో శనివారం లేదని జవాబు వచ్చింది. పర్యవేక్షకుడి కుర్చీ జాబితాలో రెండో పేరువాడికి దక్కింది. రాళ్ళ సంగతి, తువాళ్ళ సంగతి, నా బొటనవేలి సంగతి అన్నీ రాసి నేనొక ఉత్తరం పెట్టాను. అందులో సానుకూల అంశం ఒక్కటీ లేదని పురుషోత్తం గారు తిప్పి పంపించారు. ప్రధాన కార్యాలయానికే నేరుగా పంపాను. పరిశీలనలో ఉందట.

వీరాస్వామి కాటా దగ్గరే ఉన్నాడు. ముక్కుకి తువాలు కట్టుకుంటాడు. మెత్త కాటా పక్కనున్న ఇనప స్టూలు మీద వేసుకున్నాడు, లారీకీ లారీకీ మధ్య దాని మీద కూర్చుంటాడు.

ఆ తర్వాతి వారం నుంచి నేనూ శనివారాలు దీపాల వేళ దాకా ఏమీ తినడం లేదు. నాకు మొక్కేమీ లేదు. ఎవరికీ చెప్పలేదు, ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు. ఒక్క కిలో తగ్గలేదు, లోపల ఏ కాంతీ కనిపించలేదు. పదకొండయ్యేసరికి ఆఫీసులో కూర్చోబుద్ధి కాక కాటా దగ్గరికి వెళతాను. ఆకలేస్తోందయ్యా అంటాను. నాకూనండి అంటాడు. ఇంతలో లారీ వస్తుంది. బస్తా కాటా ఎక్కుతుంది. అతను ముల్లు చూస్తాడు, నేను కాళ్ళు చూస్తాను.